బృందంగా బైకులపై శ్రీశైలం దారిలో: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం తెల్లవారుజామున తుక్కుగూడ దగ్గర నిలబడితే బైకుల బృందాలు ఒకదాని తర్వాత ఒకటి దక్షిణానికి సాగిపోవడం కనిపిస్తుంది. హైదరాబాద్ నుంచి శ్రీశైలం సుమారు 215 కిలోమీటర్లు. కల్వకుర్తి దాకా పల్లెలు, సంతలు, పొలాలు. డిండి దాటి మన్ననూరు చేరాక నల్లమల. దోమలపెంట దాటాక కృష్ణానది లోయలోకి దిగి, మళ్లీ పైకెక్కే ఘాట్ రోడ్డు. ఒక్క రోజులోనే మూడు రకాల దారులు, మూడు రకాల ప్రమాదాలు ఎదురవుతాయి. ఈ దారిలో బృందాలను నడిపించేవారిని కొత్తగా చేరేవారు అడిగే ప్రశ్నలివి. అరకు, లంబసింగి, అనంతగిరి దారుల్లో వెళ్లేవారికి కూడా చాలావరకు పనికొస్తాయి.

ముందుగా ఒక్క మాట. వెనక వచ్చే కొత్తవారు భయం లేకుండా, తొందర లేకుండా రాగలిగే వేగమే బృందం వేగం. కింద చెప్పిన పద్ధతులన్నీ ఇందులోంచి పుట్టినవే.

ఒక బృందంలో ఎన్ని బండ్లు ఉండాలి?

ఐదు నుంచి ఏడు. అంతకు మించితే రెండు బృందాలుగా విడిపోవాలి. పది బండ్లు క్రమంగా, ఒక్కో బండికీ ఒక్కో సెకను ఎడంతో, గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నాయనుకోండి. మొదటి బండికీ చివరి బండికీ మధ్య 150 మీటర్లు ఉంటుంది. వెనక నుంచి వచ్చే బస్సు డ్రైవరు అంత పొడవును ఒకేసారి దాటలేడు. దాటడానికి ప్రయత్నించి, ఎదురుగా లారీ కనిపించగానే మన మధ్యలోకి దూరతాడు. అప్పుడు నలిగేది మధ్యలో ఉన్న బండి. బృందం చిన్నదైతే పెద్ద వాహనం నిశ్చింతగా దాటుతుంది, మనకూ ప్రమాదం తప్పుతుంది.

పదిహేను మంది వస్తే మూడు బృందాలు చేయండి. ప్రతి బృందానికీ ముందు నడిపించే లీడ్, చివర వచ్చే స్వీప్ వేరువేరుగా ఉండాలి. బృందానికీ బృందానికీ మధ్య ఐదు నిమిషాల తేడాతో బయలుదేరండి. టిఫిన్ దగ్గర అందరూ ఎలాగూ కలుస్తారు.

లైసెన్సు వచ్చి కొద్ది నెలలే అయింది. నేను రావచ్చా?

రావచ్చు, కానీ శ్రీశైలం మీ మొదటి దూర ప్రయాణం కాకూడదు. అంతకుముందు ఒక్కసారైనా వికారాబాద్ అనంతగిరి వరకు వెళ్లి రండి. రెండు మూడు గంటలు బండిపై కూర్చుంటే మీ నడుము, మణికట్లు ఏమంటున్నాయో, మీ బండి ఏ వేగంలో వణుకుతుందో తెలుస్తుంది.

బృందంలో మీ స్థానం లీడ్ వెనకే, అంటే రెండోది. కొత్తవారు చివర ఉంటే ఎవరినీ ఇబ్బంది పెట్టనవసరం లేదని చాలామంది అనుకుంటారు. ఇది ప్రమాదకరమైన మొహమాటం. చివరి బండికి వేగం తరచుగా మారుతుంటుంది, అందుకోవాలనే ఒత్తిడి ఎక్కువ. రెండో స్థానంలో ఉంటే లీడ్ అద్దంలో మీరే కనిపిస్తారు. మిమ్మల్ని చూసి ఆయన తన వేగం సర్దుకుంటారు.

నాది 110 సీసీ బండి. పెద్ద బండ్లతో కలిసి రాగలనా?

తప్పకుండా. 2018లో కేంద్రం ప్రకటించిన పరిమితుల ప్రకారం ద్విచక్ర వాహనాలకు మధ్యలో డివైడరు ఉన్న నాలుగు వరుసల రహదారిపై గంటకు 80 కిలోమీటర్లు, ఇతర రోడ్లపై 60 గరిష్ఠ వేగం. స్థానికంగా అంతకన్నా తక్కువ పెట్టిన చోట అదే వర్తిస్తుంది. ఆ వేగాన్ని మీ బండి హాయిగా అందుకుంటుంది. 650 సీసీ బండి ఉన్నవారికి ఆ వేగం చాలదనిపిస్తే వారు వేరే బృందం చూసుకోవాలి. మీరు ఇంజిను బద్దలయ్యేలా పరుగెత్తించనవసరం లేదు.

చిన్న బండ్లకు ట్యాంకు కూడా చిన్నదే అయితే ఆ సంగతి ముందే లీడ్‌కు చెప్పండి. పెట్రోలు కోసం ఎక్కడ ఆగాలో అందరిలో తక్కువ దూరం వెళ్లగల బండిని బట్టి నిర్ణయిస్తారు.

లీడ్, స్వీప్ చేసే పనులేమిటి?

లీడ్‌గా ఉండేవారికి దారి తెలిసుండాలి, అద్దం చూసే అలవాటు ఉండాలి. ముందున్న గుంతను, పశువును, బస్సును తాను దాటితే సరిపోదు, వెనక ఆరుగురు కూడా దాన్ని దాటగలరా అని ప్రతిసారీ ఆలోచించాలి. పచ్చ దీపం ఆరిపోయే క్షణంలో తానొక్కడే దూసుకుపోకూడదు. ఊరు దాటగానే వేగం పెంచకూడదు. చివరి బండి కూడా ఊరు దాటిందని అద్దంలో చూశాకే పెంచాలి.

స్వీప్ పని ఇంకా కష్టం. బృందంలో అందరికన్నా అనుభవం ఉన్నవారికే ఆ బాధ్యత ఇవ్వాలన్నది నా అభిప్రాయం. చాలా బృందాలు లీడ్‌ను జాగ్రత్తగా ఎంచుకుని, స్వీప్‌గా ఎవరు మిగిలితే వారిని పెడతాయి. నిజానికి బండి ఆగినా, ఎవరైనా పడినా మొదట అక్కడికి చేరేది స్వీప్. పంక్చర్ కిట్, గాలి పంపు, ప్రథమ చికిత్స సంచి, అందరి అత్యవసర ఫోను నంబర్లు ఆయన దగ్గరే ఉండాలి. ఎవరు ఆగినా స్వీప్ ఆగుతారు. స్వీప్ వెనక బృందంలో ఎవరూ మిగలకూడదు.

ఇద్దరి పేర్లూ బయలుదేరే ముందే అందరికీ చెప్పాలి. దారిలో లీడ్‌ను దాటి ముందుకు వెళ్లడం మర్యాద కాదు. అలసిపోతే లీడ్ మారవచ్చు, అయితే ఆ మార్పు ఆగిన చోటే జరగాలి, నడుస్తుండగా కాదు.

బండికీ బండికీ మధ్య ఎంత దూరం ఉండాలి?

మీటర్లలో కొలవడం నడుస్తున్న బండిపై కుదరదు, సెకన్లలో లెక్కపెట్టండి. ముందున్న బండి ఒక స్తంభాన్నో రాతినో దాటగానే లెక్క మొదలుపెట్టండి. మీ ముందు బండి సరిగ్గా మీ వరుసలోనే ఉంటే, మీరు అక్కడికి చేరేసరికి కనీసం రెండు సెకన్లు కావాలి. 60 వేగంలో రెండు సెకన్లంటే సుమారు 33 మీటర్లు. ప్రమాదాన్ని చూసి బ్రేకు వైపు చేయి కదిలేసరికే ఒక సెకను దాకా పోతుంది, అంటే బ్రేకు పడకముందే 17 మీటర్లు ముందుకు వెళ్లిపోతారు. మిగిలిన దూరమే మిమ్మల్ని కాపాడాలి.

తిన్నని, వెడల్పైన రోడ్డుపై జిగ్‌జాగ్ వరుసలో వెళ్లవచ్చు. లీడ్ మన వరుసలో కుడి భాగంలో ఉంటారు. రెండో బండి ఎడమ భాగంలో, ఒక సెకను వెనక. మూడో బండి మళ్లీ కుడి భాగంలో, లీడ్‌కు రెండు సెకన్లు వెనక. దీనివల్ల బృందం పొడవు తగ్గుతుంది, ప్రతివారికీ ముందు ఖాళీ చోటు మిగులుతుంది, రోడ్డు కనిపిస్తుంది. గుంత ఎదురైతే పక్కకు జరగడానికి వీలుంటుంది. కుడివైపు ఉన్నవారు కూడా మధ్య గీతకు కనీసం ఒక మీటరు లోపలే ఉండాలి. ఎదురుగా వచ్చే బస్సు మరో వాహనాన్ని దాటుతూ మన వైపుకు రావడం ఈ దారిలో అరుదు కాదు.

జంటగా, పక్కపక్కనే మాట్లాడుకుంటూ వెళ్లడం మాత్రం ఎప్పుడూ వద్దు. ఒకరు గుంతను తప్పించబోతే ఇంకొకరు పడతారు.

మలుపుల్లో, ఇరుకు వంతెనలపై, ఊళ్లలో, వర్షంలో, పొగమంచులో జిగ్‌జాగ్ మానేసి ఒకరి వెనక ఒకరుగా రావాలి, మధ్య ఎడం పెంచాలి.

నేను వెనకబడితే ఏం చేయాలి?

ఏమీ చేయకండి. మీ వేగంతోనే రండి.

ఇది తేలికగా తీసుకునే మాట కాదు, కాబట్టి లెక్క చూపిస్తాను. లీడ్ ఒక లారీని దాటి 60 వేగంతో సాగిపోయారు. మీకు దారి దొరకలేదు. 40 వేగంతో లారీ వెనకే 40 సెకన్లు రావలసి వచ్చింది. ఈలోగా మీ మధ్య 220 మీటర్ల దూరం పెరిగింది. లీడ్ అదే వేగంతో పోతుంటే మీరు 80కి పెంచి, 40 సెకన్ల పాటు, దాదాపు 900 మీటర్లు పరుగెత్తితే తప్ప కలుసుకోలేరు. 60 పరిమితి ఉన్న రెండు వరుసల రోడ్డుపై, మధ్యలో ఒక పల్లె, ఒక మలుపు ఉన్నచోట. మీ వెనక ఉన్నవారికైతే ఇంకా ఎక్కువ వేగం కావాలి. ముందు 60తో నెమ్మదిగా వెళ్తున్నామని లీడ్ అనుకుంటుండగా చివర్లో ఒకరు 100తో దూసుకొస్తుంటారు. బృంద ప్రయాణాల్లో నేను అన్నిటికన్నా ఎక్కువగా భయపడేది దీనికే.

ఇప్పుడు అదే దూరాన్ని లీడ్ 50కి తగ్గించి, మీరు 60తోనే వస్తూ పూడ్చండి. నిమిషంన్నర లోపే కలిసిపోతారు. ఎవరూ పరిమితి దాటనక్కర్లేదు. అందుకే వెనకబడినవారు వేగం పెంచకూడదు, ముందున్నవారే తగ్గించాలి. మీరు ఈ ఒక్క నియమాన్ని నమ్మి, ఆదుర్దా లేకుండా వస్తే చాలు, లీడ్ మీకోసం ఎక్కడో ఒకచోట ఆగే ఉంటారు.

బృందం విడిపోతే దారి తెలిసేదెలా?

రెండు పద్ధతులున్నాయి. మొదటిది, ప్రతివారూ తమ వెనక బండికి బాధ్యత వహించడం. అద్దంలో వెనకవారు కనిపించకపోతే వేగం తగ్గించండి. అలా ఒక్కొక్కరూ తగ్గిస్తే కబురు దానంతటదే లీడ్‌కు చేరుతుంది. ఫోను అవసరం లేదు.

రెండోది జంక్షన్ల దగ్గర మనిషిని నిలపడం. దారి మారే చోట లీడ్ చేయి చూపగానే రెండో స్థానంలో ఉన్నవారు రోడ్డు దిగి, అందరికీ కనిపించేలా, క్షేమమైన చోట ఆగాలి. మిగతావారు వారిని చూసి మలుపు తిరుగుతారు. స్వీప్ వచ్చాక ఆ నిలబడిన వ్యక్తి స్వీప్‌కు ముందు చేరి బయలుదేరతారు. ఇక అక్కడినుంచి మూడోవారు రెండో స్థానంలోకి వస్తారు. కొత్తవారు రెండో స్థానంలో ఉంటే ఈ పని మూడోవారికి అప్పగించండి. ఊరి బైపాస్ విడిపోయే చోట, హాజీపూర్ కూడలి వంటి చోట ఇది బాగా ఉపయోగపడుతుంది.

మన్ననూరు దాటాక చాలాచోట్ల ఫోను సిగ్నలు ఉండదు. ఆఫ్‌లైన్ మ్యాపు ఉన్నా, తర్వాత కలిసే చోటు పేరు అందరికీ నోటికి వచ్చుండాలి.

ఓవర్‌టేక్ చేసేటప్పుడు ముందున్నవారిని అనుసరించవచ్చా?

వద్దు. ముందు బండి లారీని దాటిందంటే ఆ క్షణంలో వారికి దారి ఉందని మాత్రమే అర్థం. మూడు సెకన్ల తర్వాత మీకు ఉందో లేదో మీ కళ్లతో మీరే చూడాలి. దాటినవారు వెంటనే వేగం తగ్గించి లారీ ముందే ఉండిపోకుండా, వెనక వచ్చేవారికి చోటుండేలా కాస్త ముందుకు సాగాలి. చేయి ఊపి రమ్మని పిలిచే అలవాటు కొందరికి ఉంది. దయచేసి మానుకోండి, అది నమ్మి ముందుకు వచ్చేవారి ప్రాణం ఆ చేతిలో ఉంటుంది.

చేతి సైగలు ఏవి నేర్చుకోవాలి?

కుడి చేయి యాక్సిలరేటరుపై ఉంటుంది కాబట్టి సైగలన్నీ ఎడమ చేత్తోనే. ఆగుతున్నామంటే చేయి కిందికి దించి అరచేయి వెనక్కి చూపాలి. నెమ్మదించమంటే చేయి పక్కకు చాచి అరచేత్తో కిందికి నొక్కినట్టు ఆడించాలి. ఒకే వరుసలోకి రమ్మంటే ఒక వేలు పైకి, జిగ్‌జాగ్‌కు రెండు వేళ్లు. గుంత, రాయి, ఇసుక ఎడమవైపు ఉంటే వేలితో, కుడివైపు ఉంటే కుడి కాలు చాచి చూపించాలి. పెట్రోలు కావాలంటే ట్యాంకుపై వేలు పెట్టి చూపండి. ఇండికేటరు ఆపడం మరిచారని చెప్పడానికి అరచేయి మూసి తెరవాలి.

ఈ ఏడు చాలు. బయలుదేరే ముందు ఒకసారి అందరూ చేసి చూపాలి, ఎందుకంటే ఒక్కో బృందంలో ఒక్కో అలవాటు ఉంటుంది. క్లచ్ పట్టుకోవలసిన చోట, గతుకుల్లో, ఘాట్ మలుపుల్లో సైగ చేయకండి. రెండు చేతులూ హ్యాండిల్‌పైనే ఉండాలి. సైగ మీ వరకు వస్తే వెనకవారికి అందించండి.

మన్ననూరు చెక్‌పోస్టు సమయాలేమిటి? అడవిలో ఎలా నడుచుకోవాలి?

రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా వెళ్లే ఈ రోడ్డును మూసేస్తారు. చీకట్లో రోడ్డు దాటే జంతువుల కోసం పెట్టిన నియమమిది. తుక్కుగూడ నుంచి మన్ననూరు రెండు గంటలకు పైగా పడుతుంది కాబట్టి ఉదయం 5 గంటలకు బయలుదేరితే గేటు తెరిచాక హాయిగా చేరుకోవచ్చు. తిరుగు ప్రయాణానికి శ్రీశైలం నుంచి మధ్యాహ్నం 3 గంటల లోపే బయలుదేరాలని మేం పట్టుబడతాం. వెలుతురు ఉండగానే అడవి దాటాలి. తొమ్మిది దాకా సమయం ఉంది కదా అని ఆలస్యం చేస్తే అలసిన ఒంటితో, జింకలు రోడ్డెక్కే వేళ నడపవలసి వస్తుంది.

అడవిలోకి ప్రవేశించే ముందే ట్యాంకు నింపుకోండి. లోపల వేగం తగ్గించండి, హారన్ అవసరమైతేనే మోగించండి. కోతులకు తిండి పెట్టకండి. తిండి దొరుకుతుందని అవి రోడ్డుపై కూర్చోవడం నేర్చుకుంటాయి, తర్వాత ఏదో ఒక చక్రం కింద పడతాయి. ఒక జింక దాటితే ఆగండి, దాని వెనక ఇంకొన్ని ఉంటాయి. నీళ్ల సీసాలు, చిప్సు కవర్లు మీ సంచిలోనే తిరిగి రావాలి. ఫొటో కోసం రోడ్డు దిగి చెట్ల మధ్యకు వెళ్లడం చట్టరీత్యా కూడా తప్పే.

మహాశివరాత్రి ముందు రోజుల్లో ఈ దారిలో శివదీక్ష స్వాములు కాలినడకన వెళ్తుంటారు, వాహనాల రద్దీ విపరీతంగా ఉంటుంది. ఆ రోజుల్లో సరదా ప్రయాణం పెట్టుకోకపోవడం వారికీ మనకూ మంచిది.

ఘాట్‌లో ఏం మారుతుంది?

అంతా మారుతుంది. దోమలపెంట, ఈగలపెంట దాటాక ఆనకట్ట వైపు దిగేటప్పుడు ఒకరి వెనక ఒకరుగా, కనీసం మూడు సెకన్ల ఎడంతో రావాలి. ముందు బండిని చూస్తూ మలుపు తిరగకండి. వారు తప్పు గీతలో వెళ్తే మీరూ అదే గీతలో వెళ్తారు. కళ్లు ఎటు చూస్తే బండి అటే పోతుంది. మలుపు ఎక్కడ ముగుస్తుందో అటు చూడండి. లోయ వైపో, ఎదురొచ్చే బస్సు వైపో చూస్తూ ఉండిపోతే బండి అటే లాగుతుంది.

వేగం మలుపుకు ముందే తగ్గించాలి. దిగేటప్పుడు గేరు తగ్గించి ఇంజినుతో వేగాన్ని అదుపులో పెట్టండి. పొడవునా బ్రేకు నొక్కి పట్టుకుంటే వేడెక్కి పట్టు తప్పుతుంది. న్యూట్రల్‌లో దిగడం, ఇంజిను ఆపి దిగడం పూర్తిగా నిషిద్ధం. కుడి మలుపుల్లో మన తల మధ్య గీత దాటి అవతలికి వంగకూడదు, ఎదురొచ్చే బస్సుకు మొత్తం రోడ్డు కావలసి ఉంటుంది. ఆ బస్సు డ్రైవరుకు ఘాట్‌లో దారి ఇవ్వడం మన ధర్మం. ఎక్కే వాహనానికి దిగేవారు దారి ఇవ్వాలి.

వెనక నుంచి ఎవరైనా తరుముతున్నట్టు అనిపిస్తే వారిని ముందుకు పోనివ్వండి. ఘాట్ ముగిశాక అందరూ కలిసే చోటు ముందే అనుకుంటాం కాబట్టి ఇక్కడ ఎవరూ ఎవరినీ అందుకోనవసరం లేదు. ఫొటోల కోసం మలుపులో ఆగకండి.

పల్లెల్లో ప్రత్యేకంగా దేని గురించి జాగ్రత్త పడాలి?

కోతల కాలంలో రోడ్డుపై సగం దాకా వడ్లు, మొక్కజొన్నలు ఆరబోస్తారు, అంచుల్లో రాళ్లు పెడతారు. గింజలపై బ్రేకు వేస్తే చక్రం జారుతుంది, రాయి తగిలితే ఎగిరిపడతారు. గడ్డి ట్రాక్టర్లకు వెనక దీపాలు ఉండకపోవచ్చు. రంగు వేయని స్పీడు బ్రేకర్లు ఊరి మొదట్లో, చివర్లో ఉంటాయి. డివైడరు ఉన్న చోట ఎడమ అంచున ఎదురుగా మోటారుసైకిల్ రావడం మామూలే. గొర్రెల మంద వస్తే ఇంజిను ఆపి నిలబడండి, కాపరి దారి చేస్తాడు. హారన్ కొడితే మంద చెదిరి ఇంకా ఆలస్యమవుతుంది.

బడి ముందు, సంతలో, గుడి దగ్గర 30 దాటకండి. మన వెనక ఇంకో బృందం వస్తుంది. ఆ ఊరివాళ్లు మనల్ని చూసిన కళ్లతోనే వాళ్లనూ చూస్తారు.

కూడళ్లలో ట్రాఫిక్ ఆపి బృందాన్ని పంపవచ్చా?

వద్దు. వాహనాలను ఆపే అధికారం పోలీసులకే ఉంది. బండి అడ్డుపెట్టి రోడ్డు మూసేవారు తమ ప్రాణాన్నీ ఇతరుల హక్కునూ పణంగా పెడుతున్నారు. సగం మంది సిగ్నలు దగ్గర ఆగిపోతే మిగతా సగం ముందు ఎక్కడో ఆగుతారు, అంతే. అంబులెన్సుకు దారి ఇవ్వకపోతే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194ఇ కింద 10,000 రూపాయల జరిమానా ఉంటుంది. బృందం ఉన్నప్పుడు లీడ్ ఎడమకు వెళ్తే అందరూ వెంటనే ఎడమకు రావాలి.

ఔటర్ రింగు రోడ్డు ప్రధాన మార్గంపైకి ద్విచక్ర వాహనాలను అనుమతించరు. గచ్చిబౌలి వైపు నుంచి వచ్చేవారు సర్వీసు రోడ్డు మీదుగా తుక్కుగూడ చేరుకోండి.

పందెం, సైలెన్సరు మోత?

ఈ రెంటికీ మా బృందంలో చోటు లేదు. రోడ్డుపై పందెం సెక్షన్ 189 కింద నేరం. కంపెనీ సైలెన్సరు తీసేసి మోత పెట్టిన బండితో వస్తే పక్క ఊరి రోగికి, పసిపిల్లకు, అడవికి ఇబ్బంది. సమాధానం ఇంతకన్నా పొడవుగా ఉండనవసరం లేదు.

హెల్మెట్ ఎలాంటిది కావాలి? మిగతా రక్షణ?

ఐఎస్ఐ గుర్తున్న, ముఖమంతా కప్పే హెల్మెట్. పట్టీ బిగించకపోతే హెల్మెట్ లేనట్టే. నడిపేవారికీ వెనక కూర్చునేవారికీ ఇద్దరికీ తప్పనిసరి. లేకపోతే 1,000 రూపాయల జరిమానాతో పాటు లైసెన్సును మూడు నెలలు రద్దు చేసే వీలుంది. చేతి తొడుగులు, చీలమండ కప్పే బూట్లు, మందపాటి ప్యాంటు, మోచేతులకు మోకాళ్లకు దిమ్మలున్న జాకెట్ ఉంటే మంచిది. చెప్పులతో వస్తే బయలుదేరనివ్వం. ఎండాకాలంలో వేడిగా ఉన్నా గాలాడే మెష్ జాకెట్ దొరుకుతుంది.

వెనక ఎవరినైనా కూర్చోబెట్టుకోవచ్చా? పిల్లల్ని?

ఒకరిని. వారు మలుపులో నడిపేవారితో పాటే వంగాలి, ఎదురు వంగకూడదు. బ్రేకు వేసినప్పుడు ముందుకు వాలకుండా పట్టుకునేందుకు చోటు చూసుకోవాలి. చీర కొంగు, చున్నీ, బ్యాగు పట్టీలు చక్రంలో పడకుండా లోపలికి దోపుకోవాలి. అలసిపోతే మొహమాటపడకుండా చెప్పాలి, ఎందుకంటే వెనక సీటులో అలసట తొందరగా వస్తుంది.

నాలుగేళ్ల లోపు పిల్లలకు భద్రతా పట్టీ, హెల్మెట్ ఉండాలని, వేగం గంటకు 40 దాటకూడదని 2022లో కేంద్రం నిబంధన తెచ్చింది. బృంద ప్రయాణంలో ఇది కుదిరే పని కాదు. పిల్లలతో కారులో రండి, శ్రీశైలంలో కలుద్దాం.

బండిని ఎలా సిద్ధం చేసుకోవాలి?

ముందు రోజు సాయంత్రం టైర్ల గాలి, బ్రేకులు, చైను బిగువు, దీపాలు, హారన్, ఇంజిను ఆయిల్ చూడండి. అరిగిన టైరుతో రాకండి. కొత్త టైరు మార్పించి నూరు కిలోమీటర్లైనా తిరగకుండా ఘాట్ ఎక్కకండి. బండి కాగితాలు డిజీలాకర్‌లో ఉన్నా సరిపోతుంది, కానీ ఫోను చార్జింగు అయిపోతే చూపలేరు.

వర్షం, పొగమంచు, ఎండ?

తొలి వానలో పది పదిహేను నిమిషాలు రోడ్డు మరీ జారుడుగా ఉంటుంది, అప్పటిదాకా పేరుకున్న నూనె, దుమ్ము పైకి తేలుతాయి. ఆగి టీ తాగండి. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున పొగమంచు ఉంటే బయలుదేరే సమయం వాయిదా వేయండి. కనిపించే దూరంలో ఆగగలిగే వేగమే సరైనది. ఎండాకాలంలో గంటకోసారి నీళ్లు తాగండి. కళ్లు మండుతుంటే, తల బరువెక్కుతుంటే అది అలసట మొదలైందనే సూచన. అప్పుడు ఆగాలి, రేపటికి వాయిదా వేసినా పరవాలేదు.

మద్యం?

ప్రయాణం పూర్తయ్యేదాకా ఎవరూ తాగకూడదు. ముందు రాత్రి ఎక్కువగా తాగినవారూ ఉదయం నడపకూడదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ మించితే చట్టప్రకారం నేరం.

ఎవరైనా పడిపోతే ఏం చేయాలి?

మొదటి పని పడినవారి దగ్గరికి పరుగెత్తడం కాదు, ఇంకొకరు పడకుండా చూడడం. అందరూ బండ్లు రోడ్డు దింపి నిలపాలి. ఇద్దరు వెనక్కి, వంద మీటర్లు నడిచి, వచ్చే వాహనాలకు చేయి ఊపాలి. మలుపులో జరిగితే మలుపు ముందే నిలబడాలి. స్వీప్, ఇంకొకరు మాత్రమే గాయపడినవారి దగ్గర ఉండాలి.

శ్వాస ఆడుతోందా, స్పృహ ఉందా చూడండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. మెడ, వెన్ను దెబ్బతిని ఉండవచ్చనే అనుమానంతో కదిలించకండి. శ్వాసకు అడ్డమైతే తప్ప హెల్మెట్ తీయకండి. తీయవలసి వస్తే ఇద్దరు కలిసి, ఒకరు మెడను నిలకడగా పట్టుకుని తీయాలి. నీళ్లు తాగించకండి. 108కి ఫోను చేసి కిలోమీటరు రాయి మీద ఉన్న అంకె, దగ్గరి ఊరి పేరు చెప్పండి. 112 కూడా పనిచేస్తుంది. జాతీయ రహదారిపై 1033 సహాయ సంఖ్య ఉంది. అడవిలో సిగ్నలు లేకపోతే ఇద్దరు కలిసి వెళ్లి సిగ్నలు దొరికే చోటు నుంచి ఫోను చేయాలి, ఒక్కరిని పంపకండి.

ఆసుపత్రికి తీసుకెళ్తే పోలీసు కేసుల్లో ఇరుక్కుంటామనే భయం అనవసరం. మంచి ఉద్దేశంతో సాయం చేసినవారికి 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 134ఎ రక్షణ కల్పిస్తుంది. రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల దాకా నగదురహిత చికిత్స అందించే పథకాన్ని కేంద్రం 2025లో తెచ్చింది. ఆసుపత్రిలో ఆ సంగతి అడగండి.

రక్తం గ్రూపు, ఇంటివారి ఫోను నంబరు రాసిన కాగితం ఒకటి ప్రతివారి జేబులో ఉండాలి. ఫోను లాక్ అయి ఉంటే అదొక్కటే దారి.

వీడియోలు తీయవచ్చా? పాటలు వినవచ్చా?

హెల్మెట్‌కు కెమెరా బిగించి వదిలేస్తే ఇబ్బంది లేదు. నడుపుతూ ఫోను పట్టుకుంటే మాత్రం ఆ రోజుకు బృందం నుంచి తప్పుకోవాలి. చెవుల్లో పాటలు పెద్దగా పెట్టుకుంటే వెనక వచ్చే లారీ హారన్ వినిపించదు. ఇతరుల వీడియో పెట్టేముందు, ముఖ్యంగా స్త్రీలవి, వారిని అడగండి.

ఖర్చులు, ఆలస్యాలు, మాట మర్యాద?

టీ, టిఫిన్ ఖర్చు ఎలా పంచుకోవాలో ముందే అనుకోండి. 5 గంటలంటే 5 గంటలకు బండి సిద్ధంగా, ట్యాంకు నిండుగా ఉండాలి. పది నిమిషాలు చూసి మిగతావారు బయలుదేరతారు, ఇందులో నొచ్చుకోవలసింది లేదు. ఆలస్యమైనవారు మాత్రం అందుకోవాలని పరుగెత్తకూడదు. కొత్తవారి బండి ఖరీదు గురించి, నడిపే తీరు గురించి నలుగురిలో వ్యాఖ్యలు చేయకండి. తప్పు కనిపిస్తే పక్కకు పిలిచి చెప్పండి. అందరి ముందు నవ్వు పాలైనవారు తర్వాతి కూడలిలో తామేమిటో చూపించాలని వేగం పెంచుతారు. ఆ వేగానికి మన మాటే కారణమవుతుంది.

హోటలు ముందు బండ్లు రోడ్డుకు అడ్డంగా నిలపకండి. దుకాణం యజమానిని అడిగి, లోపలికి నిలపండి.

నేను మధ్యలో విడిపోయి వెళ్లవచ్చా? చివరికి ఎక్కడ విడిపోతాం?

వెళ్లవచ్చు, కానీ లీడ్‌కూ స్వీప్‌కూ ఇద్దరికీ నోటితో చెప్పి వెళ్లండి. ఫోనులో సందేశం పెట్టి వెళ్లిపోతే, సిగ్నలు లేని చోట స్వీప్ మీ కోసం అడవిలో వెతుకుతూ ఉంటారు. తిరుగు ప్రయాణంలో అందరం తుక్కుగూడ దగ్గర ఆగి, ఎవరు ఎటు వెళ్తున్నారో చెప్పుకుని విడిపోతాం. నగరంలో వరుసలు, జిగ్‌జాగ్‌లు పట్టుకోకండి. మీ ఇల్లు చేరగానే ఒక సందేశం పెట్టండి. అందరి సందేశాలూ వచ్చేదాకా స్వీప్ ఫోను పక్కన పెట్టరు.